బల్లకు నాలుగో వైపు

మొదటిసారి ఈ పేజీ తెరిచినవాళ్ళ కోసం, కిందటి వారం చదువుతూ కునుకు తీసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మన నాటకాలాయన వయసులో ఉండగా ఒక్కటంటే ఒక్క గొప్ప నాటకం రాశాడు. పేరు 'కంచాలు ఎత్తకముందే'. అందులో తండ్రి పోయాక, ఏళ్ళ తరబడి మొహం చూపించని పెద్దకొడుకు ఇంటికి వస్తాడు. తల్లి, ఇద్దరు కొడుకులు ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చుంటారు. మాటా మాటా పెరుగుతుంది. చివరికి తల్లి పెద్దకొడుకుతో "తిన్నది చాలు. లే" అంటుంది. అతను లేచి వెళ్ళిపోతాడు. తెర పడుతుంది. ఇది తన ఇంట్లో జరిగిందేనని నాటకాలాయన ఎప్పుడూ దాచలేదు. ఇప్పుడది సినిమాగా తీస్తున్నారు. నిజంగా ఆ భోజనం జరిగిన బల్లనే షూటింగుకు తెప్పించారు. బల్ల వెంట, ఎవరూ పిలవకపోయినా, ఆయన చెల్లెలు కూడా వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ నాటకం ఒక్కసారి కూడా చూడని చెల్లెలు. రిహార్సల్ మధ్యలో గోడవారనున్న కుర్చీ ఒకటి లాక్కొచ్చి, బల్లకు ఖాళీగా ఉన్న నాలుగో వైపు వేసుకుని కూర్చుంది. "ఇది నా చోటు" అంది. మనం అక్కడ ఆగాం.

గదిలో ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. ముందుగా తేరుకున్నది కెమెరామన్.

"అక్కా, ఏమనుకోకండి. అది కెమెరా పెట్టుకునే చోటు."

"కెమెరా ఇవాళొచ్చింది. నేను ఎప్పుడో వచ్చాను" అంది చెల్లెలు.

ఆమె గొంతు పెంచలేదు. ఆమె పని జనానికి కారు నడపడం నేర్పడం. పక్క సీట్లో కూర్చుని, తన కాలికింద ఇంకో బ్రేకు పెట్టుకుని, ముక్కూమొహం తెలియని వాళ్ళ చేతికి స్టీరింగు అప్పగించే మనిషి. అలాంటివాళ్ళకు అరవడం అలవాటుండదు. చెప్పాల్సింది ఒకసారి చెప్తారు, వినకపోతే తొక్కేస్తారు.

నాటకాలాయన, వెనక వేసిన 'రచయిత' అని కాగితం అంటించిన ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచాడు. చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, పదిమందిలో పరువు నిలబెట్టుకునే నవ్వు ఒకటి నవ్వాడు.

"లే. బయట కూర్చుని మాట్లాడుకుందాం. వీళ్ళ పని పాడుచెయ్యకూడదు."

"పని పాడు చెయ్యను. ఒక్క మాట సరిచేసి వెళ్ళిపోతాను."

డైరెక్టరు వయసులో చిన్నది. జేబులెక్కువున్న ప్యాంటు వేసుకుంటుంది, ఏ జేబులో ఏముందో ఆమెకే తెలియదు. పొద్దుటినుంచి ఆ అమ్మాయి బాధ ఈ నాలుగో వైపు గురించే. నాటకంలో జనం కూర్చునేది ఆ వైపే కాబట్టి, వాళ్ళకు వీపు పెట్టి ఎవరూ కూర్చోరు. రంగస్థలం మీద అది ఎవరికీ వింతగా ఉండదు. కెమెరా అలా కాదు, గదంతా తిరుగుతుంది. ఆ వైపు నుంచి చూసినప్పుడల్లా ముగ్గురూ ఫోటో దిగడానికి కూర్చున్నట్టు కనబడుతున్నారని ఆమె చిరాకు పడుతూనే ఉంది. అందుకే ఇప్పుడు అసలు విషయం అడిగింది.

"నిజంగా ఇక్కడ మీరు కూర్చునేవారా?"

"చిన్నప్పటినుంచీ. కిటికీ నా వెనకాల. ఎదురుగా పెద్దన్నయ్య, ఈ పక్క అమ్మ, ఆ పక్క ఈయన."

"ఆ రోజు కూడా?"

"ఆ రోజు కూడా."

డైరెక్టరు రచయిత వైపు తిరిగింది. "సర్, మీ చెల్లెలు ఆ భోజనంలో ఉన్నారని మీరు చెప్పలేదు."

"ఉంది. ఉందమ్మా. కానీ కథకి అవసరం లేదు. నాటకంలో అన్నీ పెట్టుకుంటూ పోతే కుదురుతుందా? మా ఇంట్లో పిల్లి కూడా ఉండేది."

నాటకాలాయనకు ఇదొక జబ్బు. ఇరుక్కున్నప్పుడు జోకు వేస్తాడు. ఎవరూ నవ్వలేదు. చిన్నకొడుకు వేషం వేస్తున్న నటుడు మాత్రం కళ్ళార్పకుండా ఆయన మొహమే చూస్తున్నాడు. తను ఎవరి వేషం వేస్తున్నాడో ఆ మనిషి అడ్డంగా దొరికిపోతే మొహం ఎలా పెడతాడో చూడటానికి ఇంతకంటే మంచి అవకాశం మళ్ళీ దొరకదు.

"పిల్లి మాట్లాడలేదు కదా" అంది చెల్లెలు. "నేను మాట్లాడాను. 'తిన్నది చాలు, లే' అన్నది అమ్మ కాదు. నేను."

గదిలో ఫ్యాను చప్పుడు వినపడింది. షాటు లేనప్పుడు దాన్ని వేసుకుంటారు, ఉన్నప్పుడు ఆపేస్తారు.

ఇప్పుడు ఆ మాట సంగతి కొంచెం చెప్పాలి. నాటకం నడిచింది ఆ మాట మీదే. కొడుకు కంచం ముందు కూర్చుని ఉండగా తల్లి అనే మాట కాదది. అందుకే జనం ఉలిక్కిపడేవారు. బహుమతి ఇచ్చిన ప్రతివాళ్ళూ ఆ మాటనే ఎత్తి చెప్పారు. నాటకాలాయన ఎక్కడ మైకు దొరికితే అక్కడ "అది మా అమ్మ నోటి నుంచి ఊడిపడ్డ మాట, నేను రాసింది కాదు" అని చెప్పుకున్నాడు. సినిమాకు అప్పుడే పోస్టరు కూడా వేసేశారు. తల్లి మొహం, కింద ఆ రెండు ముక్కలు. అంత బరువున్న మాటను డ్రైవింగ్ నేర్పే చెల్లెలు వచ్చి నాదంటే ఎలా?

"నీకు సరిగా గుర్తులేదు" అన్నాడు ఆయన. ఇప్పుడు నవ్వు లేదు. "అమ్మే అంది. నా చెవులతో విన్నాను. ఇప్పటికీ వినపడుతుంది నాకు."

"ఎలా అంది?"

"ఎలా అంటే?"

"అమ్మ అన్నట్టు ఒకసారి అను. వింటాను."

ఆయన తటపటాయించాడు. తర్వాత, చెల్లెలి నోరు మూయించడానికి ఇదే దారి అనుకున్నాడేమో, కళ్ళు మూసుకుని అన్నాడు. "తిన్నది చాలు." ఒక్క క్షణం ఆగాడు. గొంతు దించి, "లే" అన్నాడు. చాలా బాగా అన్నాడు. అబద్ధమాడుతున్న మనిషిలా లేడు, ఆడటమూ లేదు. అమ్మ గొంతు తనకు వినపడుతోందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

బల్లకు ఒక పక్కన తల్లి వేషంలో కూర్చున్న పెద్దావిడ చేతిలోని మడత అద్దం మూసి పక్కన పెట్టింది. ఆమెను అందరూ తల్లిగారు అంటారు. ముప్పయ్యేళ్ళు నిండకముందే నెత్తికి తెల్లరంగు పూసుకుని తల్లి వేషాలు మొదలుపెట్టింది. ఇప్పుడు రంగు అక్కర్లేదు. ఈ నాటకం మొదటి ప్రదర్శన నుంచీ ఆ తల్లి ఆమే. ఇన్నాళ్ళకు సినిమాలో మొదటిసారి పెద్ద వేషం వచ్చింది, అదీ ఆ మాట పుణ్యమా అనే. కాబట్టి ఇప్పటిదాకా చెల్లెలి వైపు ఆమె చూస్తున్న చూపు అంత చల్లగా లేదు.

"ఏమయ్యా, మధ్యలో అలా ఎందుకు ఆగావు?" అంది.

"ఎక్కడ?"

"చాలు తర్వాత. ఆగి, అప్పుడు లే అన్నావు."

"అమ్మ అలాగే అంది."

"మీ అమ్మ కాదు. నేను. మొదట్లో ఒకసారి ఆడుతుంటే 'చాలు' అనగానే దగ్గు అడ్డుపడింది. మింగుకుని, గొంతు రాక, నెమ్మదిగా 'లే' అన్నాను. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఇదేదో బాగుందే అని ఉంచేశాను. ఆ ఆగడం నా దగ్గు. మీ అమ్మకెలా వస్తుంది?"

నాటకాలాయన మళ్ళీ గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. బల్ల గుర్తొచ్చింది. అన్నయ్య వంచుకున్న తల గుర్తొచ్చింది. అమ్మ నోరు కదులుతుందేమోనని ఎదురుచూశాడు. కదిలింది. కానీ వచ్చింది తల్లిగారి గొంతు. అమ్మ మామూలు గొంతులో ఆ మాట ఒక్కసారైనా వినాలని చూశాడు. రాలేదు. ఆయనకు భయం వేసింది.

తల్లిగారు ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆ మాట ఆమెకే మిగులుతుంది, పోస్టరు మిగులుతుంది. తన కాలికింద నేల తనే తవ్వుకునేంత తెలివితక్కువ మనిషి కాదు. కాసేపు బల్ల మీద వేలితో గీతలు గీసింది. ఆ తర్వాత అందరికీ వినపడేలా చెప్పింది.

"ఇంకొకటి కూడా ఉంది, చెప్పేస్తాను. మొదటి రిహార్సల్స్‌లో ఆ మాట నాది కాదు. చెల్లెలి వేషానికి ఒక పిల్ల ఉండేది. నాటకమంతా వీపు కనబడేలా కూర్చోవాలి. నాలుగు రోజులు చూసి, 'దీనికి నేనెందుకు, ఓ దిండుకి జడ అల్లి కుర్చీలో పెట్టుకోండి' అని వెళ్ళిపోయింది. ప్రదర్శన రోజు చూస్తే దగ్గర పడింది. ఇంకో పిల్ల దొరకలేదు. కుర్చీ తీసేశాం. ఆమె మాటలు తలా ఒకటి పంచుకున్నాం. చివరిది నాకొచ్చింది. ఏమయ్యా, నీ చేత్తోనే పంచావు. గుర్తులేదా?"

గుర్తుంది. చెబితే గుర్తొచ్చింది. దిండూ జడా అన్నప్పుడు అందరూ పడీపడీ నవ్వడం కూడా గుర్తొచ్చింది. 'ఈ ఒక్కసారికి సర్దుకుందాం, వచ్చే ప్రదర్శనకి మార్చుకోవచ్చు' అని తనే అన్నాడు. మొదటి ప్రదర్శనకు హాలంతా లేచి నిలబడింది. లేచి నిలబడ్డ హాలును చూశాక మార్చడానికి ఎవడికి చేతులొస్తాయి? తర్వాత మార్చాల్సింది ఒకటుందనే మరిచిపోయాడు. ఆ తర్వాత అమ్మే అన్నదని నమ్మాడు.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. సిగ్గుతో చెవులు కాలుతున్నాయి.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు నువ్వు?" అని చెల్లెల్ని అడిగాడు. ఆ సిగ్గులోనే కొంచెం కోపం కూడా ఉంది. తప్పు చేసినవాడికి ముందుగా వచ్చేది అదే.

"అమ్మ చెప్పనివ్వలేదు. మొదటి ప్రదర్శనకి తనొక్కతే వెళ్ళింది చూడు. తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, 'ఆ మాట నా చేత అనిపించాడు, పోనీలే' అంది. నేను నీ దగ్గరికి బయల్దేరితే గుమ్మానికి అడ్డం నిలబడింది. 'నీకింకా పెళ్ళి కాలేదు, బోలెడు బతుకుంది. అన్నని ఇంట్లోంచి వెళ్ళగొట్టిన పిల్ల అని ఊరంతా అనుకోవడం దేనికి. నాదేముంది, నా మీద ఉండనీ' అంది. ఒట్టేయించుకుంది."

"నాతో ఒక్క మాట అనలేదు అమ్మ."

"నీకు అప్పుడే పేరొస్తోంది. ఎందుకంటుంది?"

ఎవరో టీలు తెచ్చి, గుమ్మంలోనే ఆగి, మళ్ళీ పట్టుకుపోయారు.

"ఆ మధ్య డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నాం" అని చెల్లెలు చెప్పుకుపోయింది. చెప్పేది అన్నయ్యకే అయినా బల్ల వైపు చూస్తూ చెప్పింది. "పక్కనున్నావిడ అమ్మని పోల్చుకుంది. 'కొడుకుని కంచం ముందు నుంచి లేపేసింది మీరేనటగా' అంది. అమ్మ 'అవునండీ, నేనే' అంది. పక్కనే ఉన్నాను నేను. మాట్లాడకుండా కూర్చున్నాను. అన్నది నేను, పడుతున్నది అమ్మ. నాన్న మంచంలో ఉన్నన్నాళ్ళూ రాని మనిషి, అంతా అయ్యాక వచ్చి, 'నన్నెవరూ పిలవలేదు' అన్నాడని ఒళ్ళు మండి అన్నాను. తప్పో ఒప్పో, నా కోపం అది. అమ్మకి ఆ కోపం లేదు. కొడుకొచ్చాడని పొద్దుటినుంచి వంటింట్లోంచి బయటికి రాలేదు ఆవిడ. అలాంటి మనిషి 'తిన్నది చాలు' అంటుందా? రాసేటప్పుడు నీకు అనుమానం కూడా రాలేదా?"

ఆ తల్లి అలా అనదు కాబట్టే ఆ మాట అంత గొప్పదైంది, అంటే తన పేరంతా అమ్మ చెయ్యని పని మీద కట్టింది. ఆ సంగతి ఆయనకిప్పుడే అర్థమైంది.

"నిన్న ఈ బల్లని వ్యానులోకి ఎక్కిస్తున్నారు" అంది చెల్లెలు. "అమ్మ బాల్కనీలో నిలబడి చూస్తోంది. నేను మెట్లెక్కి పైకి వెళ్ళాక, 'సినిమాలో కూడా నేనే అంటానా?' అని అడిగింది. అంతే అడిగింది. నాకు జవాబు రాలేదు. అందుకని వచ్చాను."

మాట్లాడాల్సింది డైరెక్టరే. ఆ అమ్మాయి జేబులన్నీ తడుముకుంది, ఏదీ దొరక్క చేతులు వదిలేసింది.

"సర్, నిర్మాతతో నేను మాట్లాడతాను. పోస్టరు సంగతి తర్వాత చూద్దాం. నాకు మాత్రం ఆ కుర్చీ కావాలి. కానీ ఇది మీ కథ. మీరు వద్దంటే తియ్యను."

అందరూ ఆయన వైపు చూశారు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ పరిస్థితి. ఒప్పుకుంటే, ఇన్నాళ్ళూ ఇచ్చిన ప్రతి ఉపన్యాసం అబద్ధమైపోతుంది. ఒప్పుకోకపోతే, ఊరికి తెలిసిన అబద్ధం దేశమంతటికీ తెలుస్తుంది, డాక్టరు దగ్గర కూర్చున్న ప్రతిసారీ అమ్మ 'అవునండీ, నేనే' అంటూ ఉండాలి. ఆయన చెప్పుకోదగ్గ ధైర్యవంతుడేమీ కాదు. బాల్కనీలో నిలబడ్డ అమ్మను తలుచుకున్నాడు. ఇక వేరే దారి లేకపోయింది.

"తియ్యండి" అన్నాడు.

"మరి నాకేం మిగులుతుంది?" అంది తల్లిగారు. దెప్పిపొడుపు కాదు, పని గురించిన ప్రశ్న. చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వు ఆ మాట అన్నప్పుడు మీ అమ్మ ఏం చేసిందమ్మా?"

చెల్లెలు ఆలోచించింది. "ఏమీ అనలేదండీ. మంచినీళ్ళ గ్లాసు పెద్దన్నయ్య చేతికి దగ్గరగా జరిపింది."

"ఆయన తాగాడా?"

"లేదు."

తల్లిగారు ముందున్న గ్లాసును రెండు వేళ్ళతో కొంచెం జరిపి చూసుకుంది. వెనక్కి లాక్కుని, ఈసారి ఇంకా నెమ్మదిగా జరిపింది. "సరే. ఇది చేస్తాను" అంది. ఆమె బెంగ సగం తీరినట్టే కనబడింది.

చెల్లెలి వేషానికి నటి ఎవరూ లేరు. వెలుతురు కిటికీలోంచి జారిపోతోంది. డైరెక్టరు ఒంగి చెల్లెలితో మెల్లగా అడిగింది. "మీరే కూర్చుంటారా? మొహం కనబడదు. వీపే. ఆ ఒక్క మాట అంటే చాలు."

"మళ్ళీ అనాలా?"

"అనగలరా?"

"ఒకసారి అన్నదాన్నేగా."

ఫ్యాను ఆపారు. కెమెరా ఆమె వెనక్కి, కిటికీ పక్కకు వచ్చింది. ఎదురుగా పెద్దకొడుకు వేషం వేసిన నటుడు కూర్చున్నాడు. టీవీలో ఏళ్ళ తరబడి విలన్‌గా చేసి, ఊరందరి తిట్లూ తిన్న మనిషి. జనం తన మీద జాలిపడే వేషం అతనికిదే మొదటిసారి. అందుకని కొత్త పెళ్ళికొడుకులా ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉన్నాడు.

షాటు మొదలైంది. విలన్ తల వంచుకుని, "నన్నెవరూ పిలవలేదు" అన్నాడు. చిన్నకొడుకు వేషగాడు ఎదురు జవాబిచ్చాడు. మాటలు పెరిగాయి. పక్కగదిలో మానిటర్ ముందు నిలబడి నాటకాలాయన, ఎప్పటి అలవాటు ప్రకారం, ప్రతి మాటనూ పెదవులతో కూడా పలుకుతున్నాడు. తెరమీద చెల్లెలి వీపు నిటారుగా ఉంది. తల్లిగారి వేళ్ళు గ్లాసు మీదికి వచ్చాయి.

ఆ మాట అనాల్సిన చోటు వచ్చింది. చెల్లెలు అనలేదు.

విలన్ ఆగాడు. నాటకంలో అక్కడ కాస్త విరామం ఉంటుందని అతనికి తెలుసు. కొంచెం ఎక్కువే ఆగాడు. ఇక లాభం లేదని, ఆ మాట పడ్డట్టే అనుకుని, రెండు చేతులూ బల్లకు ఆనించి లేవబోయాడు.

"పెద్దన్నయ్యా, కూర్చో" అంది చెల్లెలు. "నువ్వింకా తినలేదు."

అతను సగం లేచి అలాగే ఉండిపోయాడు. కళ్ళు డైరెక్టరు కోసం వెతికాయి. ఆ అమ్మాయి కట్ అనలేదు, ఎవరినీ అననివ్వలేదు. విలన్ ఎదురుగా ఉన్న మనిషి మొహం చూశాడు. గదిలో ఆ మొహం కనబడుతున్నది కెమెరాకు కాదు, ఎదురు కూర్చున్న అతనికే. ఏం చూశాడో, నెమ్మదిగా కూర్చున్నాడు.

ఇన్నేళ్ళలో ఆ కొడుకు ఆ కుర్చీలో తిరిగి కూర్చోవడం ఇదే మొదలు. పక్కగదిలో నాటకాలాయన పెదవులు ఆగిపోయాయి. కెమెరా నడుస్తూనే ఉంది. విలన్ తను తర్వాత అనాల్సిన మాట కోసం తెరిచి ఉన్న తలుపులోంచి రచయిత వైపు చూశాడు. రచయిత దగ్గర అది లేదు.